రామగిరి సీమలో చేతి పనిముట్ల మరమ్మతు

శ్రీ సత్యసాయి జిల్లాలో రామగిరి కొండల చుట్టూ, అటు ధర్మవరం, ఇటు పెనుకొండ, హిందూపురం దాకా ఉన్న ఎర్రనేలల్లో పనిముట్టు అరిగితే కొత్తది కొనడం చివరి మాట. ముందు కొలిమికి తీసుకుపోవాలి. అరిగిన వాదరను కాల్చి సాగగొట్టడం, మళ్లీ పదును ఎక్కించడం, విరిగిన కామ తీసి కొత్తది తొడగడం, వదులైన పొన్ను బిగించడం, రంపానికి పళ్లు రాయడం, తుప్పు వదిలించడం ఇవన్నీ కలిస్తేనే మరమ్మతు. మడక, గుంటక, గొర్రు, గొడ్డలి, కొడవలి, గడ్డపార, పార, వడ్రంగి ఉలి, రాతి ఉలి, మగ్గం నాడె ఇవన్నీ దీని కిందికి వస్తాయి. తాతల నాటి గొడ్డలి మనవడి చేతికి వచ్చిందంటే ఆ ఇనుము అంత గట్టిదని మాత్రమే అర్థం కాదు. దాన్ని ఇన్నేళ్లుగా ఎవరో ఒకరు బాగుచేస్తూ వచ్చారని అర్థం.

ఒకే మాట, రెండు పదునులు

తెలుగులో పదును అనే మాటకు రెండు చోట్ల పని ఉంది. వాన పడి నేల విత్తనానికి తగినంత తడిస్తే పదును పడింది అంటాం. కత్తి అంచు చురుగ్గా ఉంటే పదునుగా ఉంది అంటాం. కొలిమిలో ఇనుము కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరచడాన్ని కూడా పదును పెట్టడమనే అంటారు. ఈ రెండు పదునులూ ఈ సీమలో ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

పాత అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పంట వేరుశనగ, అదీ ఎక్కువగా వానాధారం. నేల ఎర్రది, లోతు తక్కువ, గరుసు ఎక్కువ. జూన్, జూలైల్లో ఒక మంచి వాన పడితే విత్తడానికి దొరికే వ్యవధి కొద్ది రోజులే. అది దాటితే తడి ఆరిపోతుంది. ఆ కొద్ది రోజుల్లో గొర్రు పన్ను అరిగి ఉన్నా, మడక కర్రు మొద్దుబారినా ఆ ఏటి పంటే పోతుంది. దూరపు పట్నం నుంచి కొత్త కర్రు తెప్పించుకునే తీరిక ఉండదు. అందుకే మరమ్మతు చేసే చెయ్యి ఊళ్లోనే ఉండాలి. గరుసు నేల ఇనుమును ఆకురాయిలా అరగదీస్తుంది కాబట్టి ఆ చేతికి పని ఎప్పుడూ తప్పదు. జ్యేష్ఠ పౌర్ణమి నాటి ఏరువాకకు ముందు కొలిమి దగ్గర బారులు తీరడానికి కారణం ఇదే. పూజకు మడక కడగడం ఒక వంతు, కర్రు సాగగొట్టించుకోవడం ఇంకో వంతు.

ఆయం గింజల లెక్క

విజయనగర కాలం నుంచి ఈ ప్రాంతపు గ్రామాల్లో ఆయగాండ్ల వ్యవస్థ నడిచింది. 1565 తర్వాత పెనుకొండే కొంతకాలం ఆ రాజ్యానికి రాజధాని. ఊరి పనులు చూసే పన్నెండు మందిలో కమ్మరి, వడ్రంగి ఇద్దరూ ఉండేవారు. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకు కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో 1806లో అనంతపురం నుంచి పంపిన నివేదికలో ఈ పన్నెండు మంది ఆయగాండ్లను పేర్కొన్నాడు. వీళ్లతో కూడిన ప్రతి ఊరూ ఒక చిన్న గణరాజ్యం లాంటిదని అతని అభిప్రాయం.

మరమ్మతు గురించి ఆలోచించేవాళ్లు ఈ వ్యవస్థలో ముఖ్యంగా చూడాల్సింది కూలి పద్ధతి. కమ్మరికి పనికింత అని డబ్బు లేదు. పంట కళ్లంలోకి వచ్చాక రైతు తన గింజల్లోంచి కొంత ఆయంగా కొలిచి ఇచ్చేవాడు. ఏడాది పొడుగునా ఆ రైతు కర్రులు, కొడవళ్లు బాగుచేసే పూచీ కమ్మరిది. ఇక్కడ ఒక ముఖ్యమైన లెక్క దాగి ఉంది. ఏటికి ఒకే కొలత గింజలు వచ్చేటప్పుడు, తాను చేసిన పదును ఎన్ని రోజులు నిలిస్తే కమ్మరికి అంత పని తప్పుతుంది. ఇనుము త్వరగా పాడైతే నష్టం అతనికే. వస్తువు అమ్మేవాడికి అది త్వరగా అరిగితే లాభం, ఆయం తీసుకునేవాడికి అది మన్నితే లాభం. పనిముట్లు తరాల పాటు నిలవడానికి లోహం కన్నా ఈ ఒప్పందమే పెద్ద కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కులం పేరిట పని కట్టడి చేసిన బరువు కూడా ఆ ఒప్పందంలో ఉంది. ఆయం తక్కువగా కొలిచిన ఏడు కమ్మరి ఇల్లు పస్తే. అందుకే ఆ వ్యవస్థను పొగడ్తకు మాత్రమే తలచుకోవడం అన్యాయం.

మంచి ఉక్కు మన పొరుగునే

ఫ్రాన్సిస్ బుకానన్ 1800, 1801 సంవత్సరాల్లో మైసూరు రాజ్యం అంతా తిరిగి చూసినవన్నీ రాసుకున్నాడు. ఆ పుస్తకం 1807లో అచ్చయింది. హిందూపురానికి నైరుతిగా ఉన్న మధుగిరి ప్రాంతంలో ఇనుము, ఉక్కు తీసే విధానం అందులో వివరంగా ఉంది. వానాకాలంలో గుట్టల మీది నుంచి వాగులు కొట్టుకొచ్చే నల్ల ఇసుకే అక్కడి ముడి ఖనిజం. అందులోంచి తీసిన ఇనుమును చిన్న ముక్కలు చేసి, తంగేడు కర్రతోనూ పచ్చి ఆకులతోనూ కలిపి మట్టి మూసల్లో మూసి, కొలిమిలో కరగనిచ్చేవారు. మూసలో కాలిన కర్రలోని కర్బనం ఇనుములోకి ఎక్కి ఉక్కు అవుతుంది. ఆ ఉక్కు దేనికి వాడేవారో కూడా బుకానన్ చెప్పాడు: రాతి ఉలులకు, కత్తులకు, వాద్యాల తీగలకు.

తెలంగాణలో నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఇలాంటి ఉక్కుకు మరింత పేరు మోసింది. లాంబ్టన్ నడిపిన భూమి కొలతల సర్వే బృందంలో పనిచేసిన వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయ్సీ ఆ ఊరి కొలిములను చూసి రాసిన వివరణ అతను పోయాక 1832లో అచ్చయింది. అక్కడి ఉక్కు కొనడానికి పారసీక వర్తకులు వచ్చేవారు.

ఉక్కు ఖరీదైన వస్తువు కాబట్టి ఊరి పనిముట్టులో మొత్తం ఉక్కే వాడేవారు కాదు. ఒళ్లు మెత్తని ఇనుము, వాదర దగ్గర మాత్రం ఉక్కు ముక్క. గొడ్డలికి ఉక్కు వేయించడం అనే మాట అక్కడి నుంచి వచ్చిందే. వాదర అరిగి ఉక్కు అయిపోతే మిగిలిన ఇనుప ఒంటికి మళ్లీ కొత్త ఉక్కు అతికేవారు. మారేది అరిగే భాగం, నిలిచేది బరువైన ఒళ్లు. అంటే పనిముట్టును చేసేటప్పుడే దాని మరమ్మతు కూడా ఆలోచించి చేశారన్నమాట.

సాన రాయి సంగతి కూడా ఇక్కడిదే. వజ్రం తర్వాత అంత గట్టిదిగా పేరున్న కురువిందం అనంతపురం ప్రాంతంలో దొరుకుతుంది. ఆ రాయి పొడిని లక్కతో కలిపి చక్రంలా పోసి, దాని మీద కత్తులకు సాన పట్టేవారు. ఇంగ్లీషువాళ్లు ఆ రాయిని కొరండం అని పిలిచే మాట కూడా దక్షిణాది భాషల నుంచి తీసుకున్నదే.

కొలిమిలో జరిగేది

మరమ్మతులన్నిటిలో కష్టమైనదీ, చూసేవాళ్లకు అంతుపట్టనిదీ పదును పెట్టడం. మెత్తని ఇనుములో కర్బనం నూటికి 0.2 వంతు ఉంటే దాన్ని ఎంత కాల్చి ముంచినా పెద్దగా గట్టిపడదు. 0.5 మొదలు 1.2 దాకా ఉన్న ఉక్కే పదును పట్టుకుంటుంది. దాన్ని సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చి ఒక్కసారిగా చల్లారిస్తే లోపలి అమరిక బిగుసుకుపోయి గాజులా గట్టిపడుతుంది. గాజులాగే పెళుసవుతుంది కూడా. గట్టిదనాన్ని కొంత వదులుకుని, విరగకుండా ఉండే లక్షణం తేవడానికి మళ్లీ కొద్దిగా వేడి చేయాలి. ఈ రెండో మెట్టులోనే కమ్మరి పనితనం తెలుస్తుంది.

గడ్డపారను తీసుకుందాం. ఐదడుగుల కడ్డీ. గరుసు నేలలో, రాతి సందుల్లో పొడిచి పొడిచి కొస మొద్దుబారి బొటనవేలిలా అవుతుంది. దాన్ని బొగ్గుల్లో పెట్టి తిత్తి ఊదుతారు. ఇప్పుడు చాలా చోట్ల చేత్తో తిప్పే చక్రమో, కరెంటు బ్లోయరో ఉంది. బొగ్గు ఎక్కువగా సర్కారు తుమ్మదే, ఆ చెట్టుకు ఈ సీమలో కొదవ లేదు. కొస పసుపు కలిసిన ఎరుపుకు తిరిగాక పట్టకారుతో పట్టి దాగలి మీద పెడతారు. ఒకరు సమ్మెట, ఒకరు సుత్తె. సుత్తె పట్టిన పెద్ద కమ్మరి ఎక్కడ తడితే సమ్మెట అక్కడ పడాలి. మాట అక్కర్లేదు, సుత్తె చప్పుడే ఆజ్ఞ. నాలుగు పక్కలా కొట్టి కొసను సాగదీస్తారు. ఎరుపు చల్లారి నల్లబడ్డాక కొట్టకూడదు, కొడితే లోపల పగుళ్లు పడతాయి. మళ్లీ కాల్చి మళ్లీ కొట్టాలి.

సాగదీసిన కొసను దానిమ్మ గింజ రంగు దాకా కాల్చి, రెండంగుళాల మేర మాత్రం నీళ్లలో ముంచుతారు. వెంటనే బయటికి తీసి ఇసుకరాయి మీద గబగబా రుద్ది మెరిపిస్తారు. పైభాగంలో మిగిలిన వేడి కొసలోకి దిగుతుంటే ఆ మెరుపు మీద రంగులు పాకుతాయి. మొదట ఎండుగడ్డి పసుపు, ఆ తర్వాత గోధుమ, ఊదా, నీలం. పసుపు దగ్గర వేడి సుమారు 220 డిగ్రీలు, నీలం దగ్గర 300. కొయ్య ఉలికి పసుపు చాలు, చురుకు ఎక్కువ కావాలి. గొడ్డలికీ గడ్డపారకూ ఊదా దాటి నీలానికి వచ్చే వేళ ముంచాలి, దెబ్బ తట్టుకోవాలి కాబట్టి. రంగు పాకే ఆ కొద్ది క్షణాల్లో ముంచాలా, ఆగాలా అని తేల్చుకోవాలి. కొలిమి పందిరి కింద చీకటిగా ఉండేది కాల్చేటప్పటి ఎరుపును పోల్చుకోవడానికే. ఎండ వెలుతురులో ఎరుపు తేడాలు కంటికి ఆనవు.

వేడి ఎంతైందో తెలుసుకోవడానికి కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒక సులువు ఉంది. ఉక్కు సుమారు 770 డిగ్రీలు దాటాక అయస్కాంతానికి అంటుకోదు. అంటుకోవడం మానిన తర్వాత ఇంకొంచెం వేడెక్కనిచ్చి ముంచాలి. నిప్పురవ్వలు చిమ్మేదాకా కాల్చితే ఉక్కు మాడిపోయినట్టే. మాడిన ముక్కను ఏ కమ్మరీ బాగు చేయలేడు, కోసి పారేయాల్సిందే.

కొడవలి పని వేరు. వేరుశనగ పీకుడు పంట, కొడవలితో పెద్దగా పని లేదు. జొన్న, రాగి, వరి, పశువుల మేత కోయాలంటే కక్కు కొడవలి కావాలి. అరిగిన కక్కులను ఆకురాయితో రాసేసి, చిన్న ఉలితో వాలుగా, దగ్గరదగ్గరగా మళ్లీ కొట్టాలి. మెత్తబరచిన ఉక్కు మీదనే కక్కులు కొట్టి, ఆ తర్వాత పదును పెట్టడం పద్ధతి. పళ్ల వాలు కోసేవాళ్ల వైపుకు ఉండాలి, అప్పుడే లాగినప్పుడు గడ్డిని పట్టుకుంటుంది. ఎడమ చేతివాటం ఉన్నవాళ్లకు కొడవలి వేరుగా కొట్టించుకోవాలి. బజారులో దొరికే కొడవలి ఆ సంగతి పట్టించుకోదు, ఊరి కమ్మరి పట్టించుకుంటాడు.

కామ, పొన్ను

ఇనుము చెడకపోయినా కామ విరిగిందని పనిముట్టును మూలన పడేసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఇది ఎవరైనా ఇంట్లోనే చేసుకోగల మరమ్మతు. కామకు కావాల్సింది దెబ్బను తాను మింగి, చేతికి అదురు తెలియనివ్వని కర్ర. ఈ కొండల్లో పెరిగే చిరుమాను అందుకు పేరు పొందింది. బండి ఇరుసులకు వాడే కర్ర కూడా అదే. నల్లతుమ్మ సులువుగా దొరుకుతుంది, పార, గుద్దలి కామలకు సరిపోతుంది. టేకు చూడ్డానికి బాగున్నా దెబ్బకు చీలుతుంది, గొడ్డలికి పనికిరాదు. కర్ర నరాలు పొడవునా తిన్నగా ఉండాలి, కణుపులు ఉండకూడదు, కోసిన తర్వాత నీడన ఆరాలి.

పార, పికాసుల కన్ను ఒక వైపు సన్నగా, ఒక వైపు వెడల్పుగా ఉంటుంది. కామను పై నుంచి దిగేస్తే, విసిరే కొద్దీ తనంతట తానే బిగుస్తుంది. చీల అక్కర్లేదు. సుత్తె, గొడ్డలికి మాత్రం కర్ర కొసను చీల్చి చీల దిగ్గొట్టాలి. చీలను కామ కన్నా గట్టి కర్రతో చేస్తే మంచిది. ఇనుప మేకు దిగ్గొడితే తుప్పు పట్టి కర్రను తినేస్తుంది.

వదులైన సుత్తెను రాత్రంతా నీళ్ల తొట్టిలో పడేయడం ఊళ్లలో అలవాటు. పొద్దున్నే బిగుసుకుంటుంది, నిజమే. కానీ తడికి ఉబ్బిన కర్ర ఇనుప కన్ను గోడలకు ఒత్తుకుని నలిగిపోతుంది. ఆరాక మునుపటికన్నా వదులవుతుంది. మళ్లీ తడపాలి, మళ్లీ నలుగుతుంది. దాని బదులు తలను తీసి, కొస కోసి, కొత్త చీల వేసి, కర్రకు అవిసె నూనె పట్టించాలి. కుసుమ నూనె అయినా చాలు. కుసుమ ఈ సీమలో పండే పంటే. ఈ రెండు నూనెలు గాలికి ఆరి పొరగా గట్టిపడతాయి. ఆముదం, వేరుశనగ నూనె ఎన్నటికీ ఆరవు, జిడ్డుగా మిగులుతాయి.

రోకలికి, ఉలి పిడికి, నాడె ముక్కుకు తొడిగే లోహపు కట్టును పొన్ను అంటారు. కర్ర చీలకుండా కాపాడేది అదే. పొన్ను జారిపోయిన ఉలి పిడి మీద సుత్తె వేస్తే పది దెబ్బల్లో రెండు చీలికలవుతుంది. పొన్నును వేడి చేసి తొడిగితే, చల్లారేటప్పుడు కుంచించుకుని కర్రను బిగబట్టుకుంటుంది. బండి చక్రానికి పట్టా వేసే పద్ధతి కూడా ఇదే.

తుప్పుకు చింతపండు

హిందూపురం చింతపండుకు, బెల్లానికి పెద్ద మార్కెట్టు. ఆ చింతపండే తుప్పు వదిలించడానికి చేతికందే మందు. అందులోని టార్టారిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. పాత చింతపండు నానబెట్టిన పులుసులో ఉలిని ఒక రాత్రి ఉంచి పొద్దున్నే పీచుతో రుద్దితే చాలా మటుకు ఊడిపోతుంది. ఆ తర్వాత సోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. ఆలస్యమైతే మళ్లీ తుప్పు పూస్తుంది. పట్టు విడవని మరకు కిరసనాయిలులో నానబెట్టడం మెకానిక్కులకు తెలిసిన మార్గం.

తుప్పు వదిలించడానికి గ్రైండరు పట్టడం ఇప్పుడు ఎక్కువైంది. నిమిషంలో తళతళలాడుతుంది, కానీ వాదర దగ్గర నీలి మచ్చ కనబడిందంటే అక్కడ పదును పోయినట్టే. పట్నాల్లో పాత పనిముట్లు పాడవడానికి గ్రైండరు కూడా ఒక కారణమవుతోంది. చక్రానికి ఆనించిన ప్రతిసారీ వేలికి వేడి తగిలేలోపు నీళ్లలో ముంచాలి, లేదా నిదానంగా సాన మీదే పట్టాలి.

వడ్రంగి పెట్టె

వడ్లాయన పెట్టెలో బాడిస, ఉలులు, చిత్రిక, బరమా, రంపాలు ఉంటాయి. వీటిలో బాగుచేయడానికి వీలు లేకుండా మారిపోయింది రంపమే. పాత చేతి రంపం పళ్లు మొద్దుబారితే మూడు మూలల ఆకురాయితో ఒక్కో పన్నూ రాసేవారు. ఆ తర్వాత పళ్లను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు కొద్దిగా వంచాలి. ఆ వంపు వల్ల కోత రేకు మందం కన్నా వెడల్పుగా పడి రంపం ఇరుక్కోకుండా సాగుతుంది. ఇప్పుడు బజారులో దొరికే చాలా రంపాల పళ్ల కొసలు విద్యుత్తుతో గట్టిపరచి నీలినలుపుగా ఉంటాయి. అవి ఆకురాయి కన్నా గట్టివి. చాలా కాలం కోస్తాయి, మొద్దుబారితే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. మరమ్మతుకు దారి మూసేసి తయారుచేసిన వస్తువుకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు.

చిత్రిక బద్ద పాతదైతే దాచుకోవాలి. దాని వెనుక వైపు అద్దంలా చదునుగా ఉండాలన్న సంగతి చాలామంది మరిచిపోతారు. ముందు వాలు ఎంత సాన పట్టినా వెనుక గుంటలు ఉంటే వాదర పళ్లు పళ్లుగానే ఉంటుంది.

రాతి ఉలి, గని ఉలి

16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో లేపాక్షి వీరభద్రాలయం కట్టారు. ఆ స్తంభాలు, ఆ పెద్ద నంది నల్లసేనపు రాయి మీద ఉలితో చేసినవే. నల్లసేనపు రాయి కొడితే ఉలి కొస కాసేపటికే చదునవుతుంది. కాబట్టి శిల్పులు పనిచేసే ప్రతి చోటా పక్కనే చిన్న కొలిమి ఉండాలి. మొద్దుబారిన ఉలుల కట్ట అటు వెళ్తూ, పదునైన కట్ట ఇటు వస్తూ ఉండాలి. లేపాక్షి లాంటి గుడి వెనుక శిల్పి పేరు తలుచుకుంటాం గానీ, వేలసార్లు ఉలి కొసలు తిరిగి పదును పెట్టిన కమ్మరిని ఎవరూ తలుచుకోరు. బుకానన్ చెప్పిన మధుగిరి ఉక్కు జాబితాలో రాతి ఉలి మొదట ఉండటం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. నేటి శిల్పులు వాడే ఉలులకు కొసన టంగ్‌స్టన్ కార్బైడు ముక్క అతికి ఉంటుంది. అది చాలా రోజులు ఆగుతుంది, అరిగితే మామూలు చక్రం కాక ఆకుపచ్చ సాన చక్రం మీద పట్టాలి. కొలిమిలో పెడితే అతుకు ఊడిపోతుంది.

రామగిరి బంగారు గనులదీ ఇదే కథ. అక్కడ ప్రాచీన తవ్వకాల ఆనవాళ్లున్నాయి. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో కంపెనీలు తవ్వాయి. ఆ తర్వాత ప్రభుత్వ రంగంలోని భారత్ గోల్డ్ మైన్స్ ఎప్పమాన గనిలో పనిచేసింది. ఆ సంస్థ 2001లో మూతపడింది. యంత్రాలు రాకముందు ఏ గనిలోనైనా సమ్మెటతో కొట్టి రాయికి బెజ్జం వేసే ఉక్కు కడ్డీల కొసలను ప్రతి పాళీ చివరా పైకి పంపి, గని కొలిమిలో సాగగొట్టించి తిరిగి దింపడం ఆనవాయితీ. కొలిమి ఆగిన రోజు గనీ ఆగుతుంది.

ధర్మవరం నాడె

ధర్మవరంలో పట్టుచీరలు నేసే గుంట మగ్గం ఒక పెద్ద పనిముట్టు, దాని లోపల పదుల కొద్దీ చిన్న పనిముట్లు. నాడె ముక్కు మీద సన్నని గీత పడినా పట్టు పోగు దానికి తగులుకుని తెగుతుంది. అందుకే నేతగాళ్లు ముక్కును తరచూ వేలితో తడిమి చూసుకుంటారు, కాస్త గరుకు తగిలినా నునుపు చేస్తారు. మగ్గాలు బాగుచేసే వడ్రంగులకు జకార్డు పెట్టె కొక్కేలు, సూదులు సరిచేయడం కూడా తెలియాలి.

ఏది నిలబడుతుంది, ఏది నిలబడదు

పాతదంతా మంచిది కాదు. పాత సామాన్ల అంగడిలో ఒక ఉలి దొరికితే వాదర పక్కన ఆకురాయి పెట్టి చూడాలి. రాయి జారిపోతే ఉక్కు గట్టిది, తింటే మెత్తది. గ్రైండరుకు ఆనిస్తే నక్షత్రాల్లా విచ్చుకునే రవ్వలు కర్బనం ఎక్కువని చెబుతాయి, పొడుగ్గా తిన్నగా పోయే రవ్వలు తక్కువని. గొడ్డలి కన్ను దగ్గర పగులు ఉంటే వదిలేయడమే మేలు. ఉలి వెనుక తల దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే ఆ అంచులు ఎగిరి కంట్లో పడతాయి. ముందు వాటిని రాసేయాలి. పోత ఇనుముతో చేసిన వైసు పగిలితే కొలిమి పనికిరాదు. ఇత్తడి అతుకుతో కొన్నిసార్లు నిలుస్తుంది. జింకు పూత పూసిన రేకును కాల్చితే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది కాబట్టి దాన్ని కొలిమిలో పెట్టకూడదు.

వెల్డింగు షాపు కొలిమికి బదులు కాదు. ఎక్కువ కర్బనం ఉన్న వాదరను ముందుగా వేడి చేయకుండా వెల్డింగు చేస్తే అతుకు బాగానే ఉంటుంది, దాని పక్కన ఉక్కు పెళుసై చీలుతుంది. రోజూ ఈ తప్పు జరుగుతోంది, నింద మాత్రం పాత ఇనుము మీదికి పోతోంది.

తగ్గిన కొలిములు

ట్రాక్టరు వచ్చాక ఎద్దులు తగ్గాయి, మడక కర్రుతో పాటు కమ్మరి ఏడాది పనిలో పెద్ద భాగం పోయింది. గింజల ఆయం పోయి పనికింత డబ్బు వచ్చింది. ఇది కమ్మరికి కొంత స్వేచ్ఛ ఇచ్చింది. కానీ కొడవలి బాగు చేయించే ఖర్చు కొత్త కొడవలి ధరకు దగ్గరగా వచ్చేసరికి జనం బజారు వైపు నడిచారు. ధరలో తేడా ఎంత ఉన్నా, మెత్తని ఇనుపరేకు కొడవలి ఒక కోతకే అరిగిపోయే లెక్క ఆ పోలికలోకి రావడం లేదు.

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కమ్మరి, వడ్రంగి, రాతి శిల్పి, పనిముట్లు చేసేవాళ్లు అందులో ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణ రోజులకు భత్యం, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తారు. ఆ 15,000తో కొలిమికి మంచి బ్లోయరు, దాగలి సమకూరితే ఊరి మొత్తానికి మేలు. దుకాణంలో కట్టిపెట్టిన కిట్టు ఇంటికి చేరి మూలన పడితే కొలిమికి ఒరిగేదేమీ లేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసినప్పుడు, ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు కూడా ఉన్నాయి. ఆ చర్చ ఎక్కువగా ట్రాక్టర్లు, ఫోన్ల చుట్టూ తిరుగుతోంది. పళ్లు రాయడానికి వీలులేని రంపం కూడా ఆ చర్చలోకి రావాల్సిన వస్తువే.

బయటి దేశాల్లో ఈ పని వేరే దారిలో సాగుతోంది. బ్రిటన్‌లో టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్ అనే సంస్థ 1980 ప్రాంతం నుంచి జనం ఇచ్చిన పాత చేతి పనిముట్లను స్వచ్ఛంద కార్యకర్తలతో బాగుచేయించి ఆఫ్రికా చేతిపనివాళ్లకు పంపుతూ వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టినె పోస్ట్‌మా 2009 అక్టోబరులో మొదటి రిపేర్ కెఫె పెట్టింది. ఇప్పుడు అవి చాలా దేశాల్లో ఉన్నాయి. అక్కడ వారాంతపు సేవగా చేసే పని ఇక్కడ ఒక ఇంటి బతుకు.

మిగిలిన కొలిముల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించే ఉక్కు లారీ కమాను పట్టీ. కర్బనం నూటికి 0.5 నుంచి 0.6, గొడ్డలికీ మచ్చుకత్తికీ సరిగ్గా సరిపోయే ఉక్కు. నీళ్లలో ముంచితే చీలే ప్రమాదం ఉంది, వాడేసిన ఇంజను నూనెలో ముంచాలి. దశాబ్దాల పాటు రాళ్ల బరువు మోసిన ఆ పట్టీ మచ్చుకత్తి అవుతుంది. మచ్చుకత్తి అరిగి సన్నబడ్డాక కలుపు తీసే దోకుడు పార అవుతుంది. గడ్డపార చాలాసార్లు సాగగొట్టించాక పొట్టిదై రాతి ఉలి అవుతుంది. పాత ఆకురాయి పళ్లు రాసేసి చాకుగా మారుతుంది. ఏరువాకకు ముందు కొలిమి పక్కన పడి ఉన్న ఇనుప ముక్కల కుప్పలో ఏ ముక్కతో ఏం చేయాలో కమ్మరికి ముందే తెలుసు.